ఒకటో తరగతిలో మన పిల్లలు ఏం నేర్చుకుంటున్నారు?

బడి నుంచి వచ్చిన పిల్లను వాడలో తల్లి అడిగే మాట ఒకటే. "ఇయ్యాల ఏం జెప్పిండ్రు బిడ్డా?" పిల్ల చెప్పే జవాబూ దాదాపు ఒకటే. "రాసుకోమన్నరు."

ఈ రెండు మాటల మధ్య ఏముందో చూడడమే ఈ వ్యాసం పని. రాసుకోవడం అంటే బోర్డు మీద ఉన్న గీతల్ని పలక మీదికో నోటుబుక్కులోకో దించడం. చదవడం వేరు. ఈ రెంటికీ తేడా పట్టించుకోకుండా మన వాడల్లో ఏళ్లు గడిచిపోతున్నాయి. మూడో తరగతి పిల్ల నోటుబుక్కు తెరిస్తే అక్షరాలు గుండ్రంగా, వరసగా, చూడముచ్చటగా ఉంటాయి. అందులోంచే ఒక వాక్యం మీద వేలు పెట్టి చదవమంటే పిల్ల మన మొహంలోకి చూస్తుంది. ఒక తల్లి మాతో అన్నది ఇదే: "అచ్చరాలు మంచిగనే రాస్తది సారూ, చదువమంటే చూస్తా కూసుంటది."

దళిత ఉద్యమంలో చదువు ప్రస్తావన లేని సభ ఉండదు. హాస్టళ్ల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, రిజర్వేషన్ల గురించి, యూనివర్సిటీల్లో మన పరిశోధక విద్యార్థులు పడుతున్న వేధింపుల గురించి మనం చాలా రాశాం, చాలా కొట్లాడాం. కొట్లాడవలసిందే. కానీ ఒకటి, రెండు తరగతుల గదిలోకి వెళ్లి వెనక గోడకు ఆనుకుని నాలుగు గంటలు కూర్చున్నవాళ్లం మనలో ఎంతమందిమి? మేం కూడా మొన్నమొన్నటి దాకా కూర్చున్నవాళ్లం కాదు. కూర్చున్నాక కొన్ని సంగతులు అర్థమయ్యాయి. వాటిని టీచర్లతో, కార్యకర్తలతో, చదువుకుంటున్న మిత్రులతో పంచుకోవాలని రాస్తున్నాం.

ఇదేం కొత్త ఆలోచన కాదు. 1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన వాంగ్మూలంలో జోతిరావు ఫూలే సరిగ్గా ఇక్కడే వేలు పెట్టారు. రైతులు కట్టే పన్నులతో సర్కారు పైకులాలవాళ్ల పెద్ద చదువులకు ఖర్చు పెడుతోందని, కింది కులాల పిల్లల ప్రాథమిక చదువును గాలికి వదిలేసిందని, కనీసం పన్నెండేళ్ల వయసు దాకా ఆ చదువును నిర్బంధం చెయ్యాలని ఆయన అడిగారు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910లో ఇసామియా బజారులో ఆది హిందువుల పిల్లలకు బడి పెట్టినప్పుడూ ప్రాథమిక చదువుతోనే మొదలుపెట్టారు. నిజాం రాజ్యంలో సర్కారు చదువు ఉర్దూలో నడుస్తున్న కాలంలో ఆయన మన పిల్లలకు తెలుగులో చెప్పించారు. ఏ భాషలో మొదలు పెట్టాలన్న ప్రశ్న అప్పుడే ఉందన్నమాట. దాని దగ్గరికి మళ్లీ వస్తాం.

"అ" అంటే "అమ్మ" దగ్గరే చిక్కు

పెద్దవాళ్లం మనం మరిచిపోయిన సంగతి ఒకటుంది. తెలుగు చదవడం నేర్చుకోవడం తేలిక పని కాదు. పాత లెక్కన అక్షరాలు 56. ముప్పయ్యారు హల్లులకు పన్నెండేసి గుణింత రూపాలు వేసుకున్నా నాలుగు వందలు దాటుతాయి. ఆ మీద ఒత్తులు. పైగా గుణింతం అన్ని అక్షరాలకూ ఒకే తీరుగా అతకదు. క, గ, చ లకు తలకట్టు ఉంటుంది. జ, బ, ల, ణ లకు ఉండదు. ప, వ, మ, య చూడడానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. ఆరేళ్ల పిల్ల కంటికి "ప"లో పొట్ట విడిపోయి ఉండడం, "వ"లో కలిసి ఉండడం అంత తొందరగా ఆనదు.

ఇప్పుడు మొదటి పాఠం చూడండి. అ - అమ్మ. తరతరాలుగా ఇదే. కానీ "అమ్మ" అన్న మాటలో "మ" ఉంది, "మ"కు ఒత్తు ఉంది. ఆ ఒత్తు చూడడానికి "మ"లా ఉండదు. అక్షరమాల, గుణింతాలు, ఆ తరవాత ఒత్తులు అనే పాత వరస ప్రకారం ఆ ఒత్తు పిల్లకు పరిచయమయ్యేది చాలా నెలల తరవాత. అంటే మొట్టమొదటి మాటనే పిల్ల చదవదు, బొమ్మ చూసి చెప్తుంది. అక్క, అన్న, అయ్య, అత్త, పిల్ల, కర్ర – ఇంట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా నోట నానే మాటలన్నీ ఇలాగే ఉన్నాయి. క, త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు. పిల్లకు బాగా తెలిసిన మాటలే లిపిలో అన్నిటికన్నా కష్టమైనవి కావడం తెలుగులో ఉన్న ఒక తిరకాసు. దీన్ని ఎరిగిన టీచరు "తల", "వల", "పడవ", "ఆట" లాంటి మాటల దగ్గర మొదలుపెట్టి పిల్లను నడిపిస్తారు. ఎరగని టీచరు అఆలు యాభయ్యారూ దిద్దించి, పిల్లకు చదువు రావడం లేదంటారు.

ఇక ఆ అఆల చార్టు. దుకాణాల్లో దొరికే రంగురంగుల చార్టుల్లో ఋ దగ్గర ఋషి ఉంటాడు. ఐ దగ్గర ఐరావతం. కొన్నిట్లో ఝ దగ్గర ఝషం. ఝషం అంటే చేప. వాగులో గాలమేసి కొర్రమీను పట్టిన పిల్లవాడికి, జెల్లకూ బొమ్మిడాయికీ తేడా చెప్పగలిగినవాడికి, చేపను ఝషం అంటారని నేర్పి, అది పలకలేకపోతే నోరు తిరగదంటున్నాం. మేం చూసిన చార్టుల్లో డ దగ్గర డబ్బా ఉంది, డప్పు లేదు. మాదిగ వాడ పిల్లకు డబ్బా ఎంత తెలుసో డప్పు అంతకన్నా బాగా తెలుసు.

ఇది మాటల ఎంపిక గొడవ మాత్రమే కాదు. ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ, థ, ధ, ఫ, భ – ఈ ఒత్తు పలుకులు అసలు తెలుగు మాటల్లో లేవు. సంస్కృతం నుంచి వచ్చిన మాటలతో వచ్చాయి. మన ఇళ్లల్లో "కథ" కత అవుతుంది, "భయం" బయం అవుతుంది, "ధనం" దనం అవుతుంది. శ, ష, స మూడూ కలిసిపోతాయి. ఇది తప్పు కాదు, తెలుగు నోటి సహజమైన తీరు. పూజామందిరం ఉన్న ఇంట్లో, పద్యాలు, శ్లోకాలు వినపడే ఇంట్లో పుట్టిన పిల్ల బడికి రాకముందే ఈ తేడాలు చెవిన వేసుకుంటుంది. ఆమెకు ఒకటో తరగతి ఇంట్లో విన్నదానికి మరో వల్లెవేత. మన పిల్లకు అదే మొదటిసారి వినడం, మొదటిసారి చూడడం, మొదటిసారి రాయడం – మూడూ ఒకే రోజు. ఒకే గదిలో, ఒకే పాఠం, ఇద్దరికీ రెండు వేరు వేరు పనులు. ఏడాది చివర ఒకరిని "చురుకు" అని, ఇంకొకరిని "మందం" అని విడగొడతారు. తెలివిని బట్టి విడగొట్టామనుకుంటారు. నిజానికి ఇంటిని బట్టి విడగొట్టారు.

క్రియాపదాల సంగతీ అంతే. ఇంట్లో "వస్తది, పోతది, జెప్పిండు" అనే పిల్ల పుస్తకంలో "వస్తుంది, వెళ్తుంది, చెప్పాడు" చూస్తుంది. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక వాచకాల్లోకి బతుకమ్మ, బోనాలు వచ్చాయి, తెలంగాణ కవులు వచ్చారు. మంచిదే. క్రియాపదం మాత్రం పెద్దగా కదల్లేదు. వాడలో మాట్లాడే తెలుగును "తెలుగే కదా" అని ఒక్క ముక్కలో తీసిపారేస్తారు. ఆదివాసి పిల్లల విషయంలో కనీసం వేరే భాష ఉందన్న గుర్తింపు వచ్చింది. వందేళ్ల కిందటే గిడుగు రామమూర్తి సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలో పుస్తకాలు రాశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000ల మధ్య నుంచి గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, బంజారా, ఆదివాసి ఒరియా – ఎనిమిది భాషల్లో ఒకటో తరగతి వాచకాలు వేశారు. వాటి అమలు ఎట్లా నడిచిందన్నది వేరే కథ. మన పిల్లల తెలుగుకూ, బడి తెలుగుకూ ఉన్న దూరానికి మాత్రం పేరు కూడా పెట్టలేదు.

పుస్తకం మారలేదని అనడం న్యాయం కాదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం వచ్చాక, 2011లో ఉమ్మడి రాష్ట్రం తన చట్రం తయారు చేసుకుంది. ఆ తరవాత వేసిన వాచకాల్లో బొమ్మ, పాట, మాట, ఆ తరవాత అక్షరం అనే వరస పెట్టారు. పిల్ల ఇంటి భాషను గదిలోకి రానివ్వాలని రాశారు. రాత బాగుంది. గదిలో ఏం జరుగుతోంది? చాలా చోట్ల వాచకం సంచిలోనే ఉంటుంది, బోర్డు మీద అఆలు ఉంటాయి. ఒక టీచరు గారు మాతో దాచకుండా చెప్పారు: "తల్లిదండ్రులొచ్చి 'ఇంకా అఆలు రాలేదా మేడమ్' అని అడుగుతారండీ. పాటలు పాడిస్తున్నానంటే పని ఎగ్గొడుతున్నాననుకుంటారు." ఆమె చెప్పిందాంట్లో నిజముంది. మన వాడల్లో చదువంటే రాతే అనుకోవడానికి కారణం మనం చదివిన బడే.

మనకు దగ్గరలోనే ఇంకో అనుభవం ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో పెద్దవాళ్లకు తయారు చేసిన వాచకంలో తాగుబోతు మగడివల్ల చితికిపోయిన సీతమ్మ కథ ఒక పాఠం. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం చదివి, అది తమ కథేనని గుర్తుపట్టి సారా దుకాణం మూయించారు. ఆ గాలి రాష్ట్రమంతా వీచింది. 1993 అక్టోబరులో సారాను నిషేధించక తప్పలేదు. కూలికి పోయొచ్చి రాత్రి లాంతరు దగ్గర కూర్చున్న ఆడవాళ్లకు చదువు పట్టుబడింది తమ బతుకులోని మాటతో. ఆ సూత్రం ఆరేళ్ల పిల్లకు మాత్రం ఎందుకు పనికిరాదు? ఒక బడిలో ఒక సారు గోడ మీద పిల్లల పేర్లు పెద్దగా రాయించి, ఎవరి పేరులోని అక్షరం వాళ్లదిగా మొదలుపెట్టారు. "నా 'ర' నీ పేర్ల గూడ ఉన్నది" అని పిల్లలు ఒకరితో ఒకరు పోట్లాడుకుంటున్నారు. దసరాకల్లా గోడ మీద గడ్డపార, సుట్టం, కొడవలి, తోలు, బువ్వ అన్నీ వచ్చి చేరాయి.

పది రూపాయలు తెలిసిన పిల్లకు పది తెలియదా?

లెక్కల గురించి క్లుప్తంగా చెప్తాం. దుకాణానికి వెళ్లి చాయ్‌పత్త పొట్లం తెచ్చే పిల్లకు పదికి ఎంత పోతే ఎంత మిగులుతుందో తెలుసు. అదే పిల్లకు బోర్డు మీద 10 - 7 రాస్తే చేతులు వెనక్కు వెళ్తాయి. చేతిలోని లెక్కను గీతలోకి మార్చే పని ఒకటో తరగతిది. ఆ పని జరగకుండానే ఎక్కాలకు పోతున్నారు.

ఇక్కడ తెలుగు అంకెల మాటల్లో ఒక సౌకర్యం ఉంది. పదమూడు అంటే పది, మూడు. ఇరవై నాలుగు అంటే ఇరవై, నాలుగు. పలికిన వరసే రాసే వరస. పదకొండు, పన్నెండు, తొమ్మిదులు కొంచెం మొరాయిస్తాయి గానీ మిగతావి దారిన పడతాయి. ఇంగ్లీషులో "థర్టీన్" అంటే మూడు ముందు పలికి పది తరవాత వస్తుంది, రాసేటప్పుడు తిరగబడుతుంది. "థర్టీన్", "థర్టీ" రెండూ పిల్ల చెవికి ఒకటే. మేం చూసిన ఒక గదిలో పిల్లలు వంద దాకా ఇంగ్లీషు అంకెలు ఏకబిగిన చదివారు. పదిహేను చింతగింజలు ముందు పోసి "ఫిఫ్టీన్ తీసి చూపించు" అంటే గుప్పెడు తీసి ఇచ్చారు.

ఇంగ్లీషు మీడియం గొడవలో మనం ఎక్కడ ఉన్నాం

ఈ మాట రాయగానే కొందరు మిత్రులు "చూశారా, వీళ్లూ తెలుగు మీడియం అంటున్నారు" అంటారని మాకు తెలుసు. కాబట్టి సూటిగా చెప్తాం. మన పిల్లలకు ఇంగ్లీషు కావాలి. దళిత, బహుజన మేధావులు ఇంగ్లీషు కోసం వాదించడం వెనక బలమైన కారణం ఉంది. తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపి, మన పిల్లలకు మాత్రం మాతృభాష తీపి గురించి ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషుల మీద మాకు ఏ గౌరవమూ లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో ప్రభుత్వ బడులన్నీ ఇంగ్లీషు మీడియం చెయ్యాలని 81వ జీవో ఇచ్చారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తరవాత ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉండే రెండు భాషల పుస్తకాలు వచ్చాయి. తెలంగాణలో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టారు, అక్కడా రెండు భాషల పుస్తకాలే. మీడియం మార్చిన రోజున టీచరు మారలేదు, టీచరుకు ఇచ్చిన శిక్షణ కొద్ది రోజులది.

మేం అడిగేది మీడియం పేరు గురించి కాదు. "గీత చూస్తే మాట వినపడుతుంది" అన్న కిటుకు మనిషికి జీవితంలో ఒక్కసారే తెలుస్తుంది. ఒక లిపిలో తెలిస్తే రెండో లిపికి ఆ కిటుకు మోసుకుపోవచ్చు. తనకు తెలిసిన మాటలో అయితే అది తొందరగా తెలుస్తుంది, ఎందుకంటే చదివింది సరిపోయిందా లేదా అని పిల్లే చూసుకోగలదు. "పడవ"ను "పవడ" అని చదివితే అలాంటి మాట లేదని తనకే తెలుస్తుంది. తెలియని భాషలో ఆ సరిచూసుకునే పని మొత్తం టీచరు మీద పడుతుంది. ఆ టీచరుకు టైము లేదు. ఇంట్లో ట్యూషను పెట్టించగలవాళ్లు ఆ లోటు డబ్బుతో పూడుస్తారు. మనం పూడ్చలేం. అందుకని, మొదటి రెండేళ్లు చదవడం ఇంటి తెలుగులో పట్టుకోవాలి, అదే రెండేళ్లలో ఇంగ్లీషు చెవికి, నోటికి బాగా అలవాటు కావాలి, ఆ తరవాత ఇంగ్లీషు చదువు గట్టిగా, మంచి టీచరుతో నడవాలి అంటున్నాం. ఇది మా అభిప్రాయం. ఒప్పుకోని మిత్రులు వాదించండి, కానీ ఒకసారి ఆ గదిలో కూర్చుని వచ్చి వాదించండి.

గంటల లెక్క

టీచరుకు టైము లేదన్నాం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పని దినాలు, 800 బోధన గంటలు ఉండాలి. అంటే రోజుకు నాలుగు గంటలు. అదే చట్టం ప్రకారం అరవై మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు. మన వాడల్లో, పల్లెల్లో చాలా బడులు ఈ లెక్కలోకే వస్తాయి. ఐదు తరగతులకు ఇద్దరు. టీచర్ల టైమును అన్ని తరగతులకూ సమానంగా పంచినా ఒక్కో తరగతి వాటాకు 320 గంటలు. రోజుకు గంటా ముప్పయ్యారు నిమిషాలు. ఇద్దరిలో ఒకరు మీటింగుకో, శిక్షణకో, ఆన్‌లైన్ వివరాలు ఎక్కించడానికో, సెలవు మీదనో పోతే ఆ రోజు ఒకటో తరగతికి మిగిలేది 48 నిమిషాలు. అందులోనే తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు. ఐదో తరగతికి గురుకులం పరీక్ష ఉంటుంది కాబట్టి టీచరు అటే మొగ్గుతారు. అప్పుడు ఒకటో తరగతికి చెప్పే మాట "రాసుకోండి". పిల్ల ఇంటికొచ్చి తల్లితో చెప్పిన మాట ఇదే.

కాబట్టి టీచర్ని ఒక్కర్నే తిట్టి ప్రయోజనం లేదు. టీచర్లలో మనవాళ్లూ ఉన్నారు, ప్రాణం పెట్టి చెప్పేవాళ్లూ ఉన్నారు. అయితే టైము లేకపోవడం ఒక్కటే కారణమైతే అందరు పిల్లలకూ ఒకే తీరుగా అన్యాయం జరగాలి. అలా జరగడం లేదు. ఉన్న 48 నిమిషాల్లో ప్రశ్న ఎవరికి వెళ్తుంది, ఎవరి పలక చేతిలోకి తీసుకుని చూస్తారు అన్నది గమనించండి. ముందు వరసలో ఎవరు కూర్చుంటారో కూడా చూడండి.

పుస్తకంలో లేని పాఠాలు

మొదటి రెండు తరగతుల్లో పిల్లలకు తప్పకుండా వచ్చేసే పాఠాలు కొన్నున్నాయి. వాటికి పరీక్ష లేదు, ఎవరూ ఫెయిల్ కారు. చీపురు ఎవరు పట్టాలి, సారు బండి ఎవరు తుడవాలి, నీళ్ల బిందె ఎవరు ముట్టాలి, లీడరు ఎవరు కావాలి. "ఎస్సీ పిల్లలు లేవండ్రా, స్కాలర్‌షిప్పు కాగితాలు" అని పిలిస్తే లేచి నిలబడినప్పుడు మిగతా గది ఎటు చూస్తుందో. ఆరేళ్ల పిల్లకు "ఎస్సీ" అంటే ఏమిటో తెలియదు. ఆ చూపులు తెలుస్తాయి. మాలో ఒకరు చిన్నప్పుడు చదివిన బడిలో ఆ పిలుపు నెలకోసారి వినపడేది. ఇప్పటికీ ఎక్కడైనా కౌంటరు దగ్గర సర్టిఫికెట్టు అడిగితే ఆ గది గుర్తొస్తుందంటారు.

అంబేడ్కర్ తన చిన్నప్పటి బడి గురించి రాసుకున్నది మనందరికీ తెలుసు. గదిలో విడిగా గోనెపట్ట మీద కూర్చోవాలి, ఆ గోనె సాయంత్రం ఇంటికి పట్టుకుపోవాలి, ప్యూను వచ్చి పొయ్యకపోతే ఆ రోజుకు మంచినీళ్లు లేవు. గోనెపట్ట పోయింది. నీళ్ల సంగతి పూర్తిగా పోలేదు. 2001 నవంబరులో సుప్రీంకోర్టు బడుల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. 2004 ఏప్రిల్‌లో వంటమనుషులుగా దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. 2005లో సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ ప్రచురించిన అధ్యయనంలో రాజస్థాన్, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో కలిపి 37 శాతం చోట్ల మధ్యాహ్న భోజనంలో ఏదో ఒక రూపంలో కుల వివక్ష బయటపడింది. ఆంధ్రప్రదేశ్ లెక్క మిగతా రెంటికన్నా తక్కువే గానీ సున్నా కాదు. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లా బడిలో దళిత స్త్రీ వండిందని పైకులాల పిల్లలు అన్నం ముట్టలేదు. ఆమెను తీసేశారు, గొడవయ్యాక మళ్లీ పెట్టారు. ఆ పిల్లలకు ఆ పాఠం ఎవరు నేర్పారన్నది ఒక ప్రశ్న. ఆ అన్నం తిన్న దళిత పిల్లలు ఆ రోజు ఏం నేర్చుకున్నారన్నది ఇంకో ప్రశ్న. రెండోది ఎవరూ అడగలేదు.

చట్టం ఉంది. విద్యాహక్కు చట్టం 8వ సెక్షన్ బలహీన వర్గాల పిల్లల మీద వివక్ష లేకుండా చూడడం ప్రభుత్వ బాధ్యత అంటుంది. 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తుంది. 29వ సెక్షన్ పిల్ల భయం లేకుండా నేర్చుకోవాలని, వీలైనంత వరకు మాతృభాషలో చెప్పాలని అంటుంది. చీపురు గురించి అడిగితే మాత్రం "స్వచ్ఛత నేర్పుతున్నాం" అన్న జవాబు వస్తుంది. సరే, అయితే అందరికీ నేర్పండి.

చదువు వచ్చిందో లేదో చూడడం ఎలా

దేశంలో పల్లెల పిల్లల చదువు మీద 2005 నుంచి అసర్ నివేదికలు వస్తున్నాయి. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 27.3 శాతం. కరోనాకు బడులు మూతపడ్డాక 2022లో అది 20.5కు పడిపోయింది. 2024లో మళ్లీ 27.1. కోలుకున్నామని పత్రికలు రాశాయి. నలుగురిలో ముగ్గురికి చదవడం రాని చోటికి తిరిగొచ్చాం అని కూడా రాయవచ్చు.

2021లో కేంద్రం నిపుణ్ భారత్ అని మొదలుపెట్టి, మూడో తరగతి ముగిసేసరికి నిమిషానికి కనీసం అరవై మాటలు అర్థమయ్యేలా చదవాలని గురి పెట్టింది. తెలంగాణలో 2022లో తొలిమెట్టు వచ్చింది. గురి ఉండడం మంచిదే. కానీ తెలుగులో "చదువుకుంటున్నారు" అన్నది ఒక్క మాట. ఇంగ్లీషులో అదే సంగతికి మూడు మాటలు కావాలి. మాటల్ని గడియారం పెట్టి లెక్కపెట్టేముందు ఆ మాట ఎంత పొడుగో చూడాలి. గడియారం చూసి పిల్ల హడలిపోతే చదవగలిగింది కూడా చదవదు.

వాడలో మనం చేయగలిగిన పరీక్ష ఇంతకన్నా తేలిక. అసర్ వాళ్లు చేసే పద్ధతే. ఒక కాగితం మీద నాలుగు మెట్లు: పది విడి అక్షరాలు, పది చిన్న మాటలు, నాలుగు వాక్యాల ఒక పేరా, ఎనిమిది పది వాక్యాల ఒక కథ. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ముందు పేరు, ఆటలు అడిగి బెదురు తీర్చి, ఒక్కో మెట్టు చదివించాలి. పిల్ల "కథ"ను "కత" అని చదివితే అది తప్పుగా రాసుకోవద్దు. చదివాక కథలో ఏమైందో అడగాలి. ఒక్కో పిల్లకు ఐదు నిమిషాలు చాలు. ఒక ఆదివారం పొద్దున మేం ఒక వాడలో ఇరవై ఇళ్లు తిరగగలిగాం. తల్లి పక్కనే ఉండి చూసింది కాబట్టి ఎవరూ వివరించి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ కాగితాలు ఎక్కడ పెట్టాలో కూడా చట్టంలో ఉంది. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి, బలహీన వర్గాలకు వాళ్ల నిష్పత్తిలో చోటు ఉండాలి. కమిటీలో మన తల్లుల పేర్లు ఉన్నాయి. సంతకాలు ఇంటికి వచ్చి తీసుకుపోతారు. మేం వెళ్లిన వాడలో నలుగురు తల్లులు ఈసారి సంతకం పెట్టకుండా మీటింగుకే వెళ్లారు. రెండో తరగతిలో ఎంతమందికి చదవడం వచ్చు, ఒకటో తరగతికి రోజూ ఎవరు ఎన్ని నిమిషాలు చెప్తున్నారు, ఊడ్చే పని ఎవరు చేస్తున్నారు – మూడే అడిగారు. మొదటి రెంటికీ "వచ్చే మీటింగులో చెప్తాం" అన్నారు. మూడోదానికి జవాబు లేదు గానీ, మర్నాటి నుంచి చీపురు బెంచీల వరస ప్రకారం తిరగడం మొదలైంది. పై నెల రెండో శనివారం మళ్లీ మీటింగు ఉంది. ఆ తల్లులు ఈసారి పిల్లల కాగితాలు పట్టుకుని వెళ్తామంటున్నారు.